ఇచ్చట అనుమానం అమ్మబడును (మనకు చెప్పని చరిత్ర – 17)



పది రోజుల కిందట మా పక్క పల్లె నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ చదివాడు. ఉద్యోగం దొరక్క ఊళ్ళోనే ఉపాధి హామీ పనుల్లో మేటుగా ఉన్నాడు. "అన్నా, ఈ వాతావరణ మార్పు అనేది నిజమేనా? టీవీలో ఒకాయన భూమి వేడెక్కుతోందంటాడు, ఇంకొకాయన అదంతా వట్టిదంటాడు. ఇద్దరూ చదువుకున్నోళ్ళే. ఎవర్ని నమ్మాలన్నా?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. తమ్ముడి ప్రశ్నలో తప్పేం లేదు. కానీ ఆ ప్రశ్న అతని నోట్లోకి ఎలా వచ్చిందో దానికొక చరిత్ర ఉంది. డెబ్బై ఏళ్ళ చరిత్ర. ఇవాళ అది చెప్పుకుందాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

‘మర్చెంట్స్ ఆఫ్ డౌట్’ అని ఒక డాక్యుమెంటరీ ఉంది. అనుమానపు వ్యాపారులు అని అర్థం. 2014లో రాబర్ట్ కెన్నర్ తీశాడు. అంతకుముందు అమెరికా తిండి పరిశ్రమ మీద ‘ఫుడ్ ఇంక్’ తీసింది కూడా ఆయనే. నయోమి ఒరెస్కస్, ఎరిక్ కాన్వే అనే ఇద్దరు సైన్సు చరిత్రకారులు 2010లో ఇదే పేరుతో రాసిన పుస్తకం దీనికి ఆధారం. వాళ్ళు చేసిన పని పాత కాగితాలు తవ్వడం. కంపెనీల మెమోలు, ఉత్తరాలు, మీటింగు నోట్సులు. మన చరిత్రను మనం తవ్వుకున్నట్టే.

సినిమా పేకముక్కల గారడీతో మొదలవుతుంది. జేమీ ఇయాన్ స్విస్ అనే గారడీవాడు కనిపిస్తాడు. నేను మిమ్మల్ని మోసం చేస్తానని ముందే చెప్పి మరీ చేస్తాను, కాబట్టి నాది నిజాయితీ గల అబద్ధం అన్నది ఆయన లెక్క. అదే విద్యను చెప్పకుండా జనం మీద వాడేవాళ్ళంటే ఆయనకు మంట. మన సంతల్లో గారడీవాడూ అంతే గదా. కనికట్టు అని చెప్పే జోలె పడతాడు. కోటూ టై కట్టుకుని కనికట్టు చేసేవాడే ప్రమాదం.

ఈ కనికట్టు మొదట నేర్చుకున్నది పొగాకు కంపెనీలు.

1950 నుంచే బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ డాక్టర్లు లెక్కలు కట్టి చెబుతున్నారు, సిగరెట్టు తాగేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని. 1953లో సిగరెట్టు తారు పూసిన ఎలుకలకు క్యాన్సర్ గడ్డలు వచ్చాయి. కంపెనీల గుండెల్లో రాయి పడింది. ఆ ఏడాది డిసెంబరులో పెద్ద పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో కూర్చున్నారు. మామూలుగా ఒకడి గొంతు ఒకడు కోసుకునే పోటీదార్లు వీళ్ళు. హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థను పిలిపించుకున్నారు. 1954 జనవరి 4న 400కు పైగా పత్రికల్లో ఒక పెద్ద ప్రకటన వచ్చింది. మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం, సిగరెట్టుకీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని ఇంకా రుజువు కాలేదు, మేమే పరిశోధనకు డబ్బులిస్తాం అని దాని సారం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సిగరెట్టు మంచిదని వాళ్ళు అనలేదు. అలా అంటే ఎవరూ నమ్మరు. ఇంకా తేలలేదు అన్నారు. అంతే. ఆ ఒక్క మాట మీద దశాబ్దాలు వ్యాపారం నడిచింది. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదికే సిగరెట్టు క్యాన్సర్ తెస్తుందని తేల్చి చెప్పినా ఇంకా తేలలేదు అంటూనే ఉన్నారు. 1969లో బ్రౌన్ అండ్ విలియమ్సన్ అనే కంపెనీ లోపలి కాగితం ఒకటి ఈ వ్యాపారాన్ని దాచకుండా చెప్పింది. మా సరుకు అనుమానమే, జనం మనసులో ఉన్న నిజాలతో పోటీ పడడానికి అంతకన్నా మంచి సాధనం లేదు అని. సిగరెట్టు కంపెనీ తన సరుకు పేరు తనే రాసుకుంది. ఆ సరుకు పేరు సిగరెట్టు అని రాసుకోలేదు.

ఈ కంపెనీ కాగితాలు 1994లో ఒక అట్టపెట్టెలో, పంపిందెవరో తెలియకుండా, స్టాంటన్ గ్లాంట్జ్ అనే ప్రొఫెసర్ దగ్గరికి చేరాయి. సినిమాలో ఆయన ఆ కథ చెబుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏడుగురు పొగాకు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనమని మేం అనుకోవడం లేదని ఒకరి తర్వాత ఒకరు వరసగా చెప్పారు. వాళ్ళ కాగితాల్లోనేమో అది వ్యసనమని ఎప్పుడో రాసుకున్నారు. 2006లో అక్కడి ఫెడరల్ కోర్టు కూడా ఈ కంపెనీలు దశాబ్దాల పాటు కూడబలుక్కుని జనాన్ని మోసం చేశాయని తీర్పు ఇచ్చింది.

ఈ భాగం చూస్తున్నప్పుడు నేను సినిమా ఆపేసి కాసేపు బయట కూర్చున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది.

మాది ప్రకాశం జిల్లా. పొగాకు నేల. మా అమ్మ, మా పెద్దమ్మ, పల్లెలో సగం మంది ఆడవాళ్ళు సీజన్లో పొగాకు గ్రేడింగుకు పోయేవాళ్ళు. పొద్దున సద్ది కట్టుకుని పోతే మునిమాపుకు వచ్చేవాళ్ళు. రేకుల షెడ్డు, మండెల మధ్య కింద కూర్చుని ఆకు రంగును బట్టి, మచ్చను బట్టి ఏరాలి. గాలి ఆడితే ఆకు పెళుసెక్కి విరుగుతుందని తలుపులు దగ్గరగా వేసేవాళ్ళు. ఆ దుమ్ము, ఆ ఘాటు. అమ్మ ఇంటికొచ్చి కొంగు విప్పితే ఇల్లంతా తుమ్ములే. జీవితంలో ఒక్క చుట్ట కూడా తాగని మనిషికి నలభై దాటేసరికి దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గేది. ఒకసారి మేస్త్రితో చెప్పుకుంటే ఆయన నవ్వి, "నీకొక్కదానికేనా దగ్గు? చలికాలం అందరూ దగ్గుతారు. మీ ఇళ్ళల్లో కట్టెల పొయ్యి పొగ లేదా? పొగాకు వల్లేనని ఏ డాక్టరు రాసిచ్చాడు?" అన్నాడట. ఏ డాక్టరూ రాసివ్వలేదు. మాకు రాయించుకునే డాక్టరు లేడు. ఆ షెడ్డు పేరు, యజమాని పేరు ఇక్కడ అనవసరం. ఆ మేస్త్రి ప్లాజా హోటల్ పేరు విని కూడా ఉండడు. కానీ ఆయన నోట్లో మాట సరిగ్గా ఆ హోటల్లో పుట్టిన మాటే. ఏ డాక్టరు రాసిచ్చాడు?

సరే, సినిమాలోకి వద్దాం.

పొగాకు దగ్గర నేర్చుకున్న విద్యను మిగతా కంపెనీలు అద్దెకు తీసుకున్నాయి. పొగాకునే కాపాడగలిగినవాడు దేన్నైనా కాపాడగలడు అన్న మాట ఆ ప్రచార వ్యాపారంలో ఉంది. సినిమాలో సోఫాల కథ చూడండి. సిగరెట్టు నిప్పు వల్ల ఇళ్ళు తగలబడుతున్నాయి, తనంతట తను ఆరిపోయే సిగరెట్టు చేయండి అని ఒత్తిడి వచ్చింది. పొగాకు కంపెనీలు తప్పును సోఫా మీదికి నెట్టాయి. సోఫాలో మంటలు అంటుకోకుండా రసాయనాలు కలపాలనే వాదాన్ని ముందుకు తోశాయి. ఆ రసాయనాలు మనుషుల ఒంట్లోకి, చంటిపిల్లల తల్లిపాలల్లోకి చేరాయి. వాటిని ఆపాలని కాలిఫోర్నియాలో చట్టం తెస్తుంటే కాలిన గాయాలకు వైద్యం చేసే పేరున్న డాక్టరొకాయన సభ ముందుకొచ్చి, రసాయనం లేని దిండు అంటుకుని కాలిపోయిన పసిబిడ్డ కథ చెప్పాడు. సభ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 2012లో షికాగో ట్రిబ్యూన్ విలేకరులు తవ్వితే తేలిందేమిటంటే, ఆయన చెప్పినట్టు చనిపోయిన బిడ్డ ఎక్కడా లేదు. ఆయన్ని తీసుకొచ్చిన ‘అగ్నిప్రమాదాల నుంచి రక్షణ కోరే పౌరుల సంఘం’ వెనకున్నది ఆ రసాయనాలు చేసే మూడు కంపెనీలు. పౌరుల సంఘంలో పౌరులే లేరు.

ఇప్పుడు అసలు సంగతి. భూమి వేడెక్కడం.

కార్బన్ డై ఆక్సైడ్ ఉన్న గాలి ఎండకు మామూలు గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుందని గాజు గొట్టాలతో ప్రయోగం చేసి చెప్పింది ఒక స్త్రీ. పేరు యూనిస్ ఫుట్. సంవత్సరం 1856. ఆ ఏడు శాస్త్రవేత్తల సభలో ఆమె పత్రాన్ని చదివింది ఆమె కాదు, ఒక మగ ప్రొఫెసర్. తర్వాత నూట యాభై ఏళ్ళ పాటు ఆమె పేరే ఎవరికీ గుర్తు లేదు. కనిపెట్టినవాళ్ళ పేరు మాయమవడం మనకు కొత్త కాదు గాబట్టి ఆమె పేరు ఇక్కడ రాస్తున్నా. 1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనెట్ కమిటీ ముందు, భూమి వేడెక్కడం మొదలైపోయిందని 99 శాతం నమ్మకంతో చెప్పాడు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఐపీసీసీ ఏర్పడింది. అప్పుడే చేతులు కదిలి ఉంటే కథ వేరుగా ఉండేది.

కదలనివ్వలేదు. మళ్ళీ అదే సరుకు దిగింది. ఇంకా తేలలేదు.

అమ్మినవాళ్ళు కూడా కొందరు పాతవాళ్ళే. ఫ్రెడరిక్ సైట్జ్ అని ఒక పెద్ద భౌతిక శాస్త్రవేత్త. అమెరికా జాతీయ సైన్సు అకాడమీకి 1960లలో అధ్యక్షుడు. రిటైరయ్యాక ఆర్.జె. రేనాల్డ్స్ అనే పొగాకు కంపెనీ తరఫున సుమారు నాలుగున్నర కోట్ల డాలర్ల పరిశోధన నిధిని పంచిపెట్టే పని చూశాడు. 1984లో మరో ఇద్దరితో కలిసి జార్జ్ మార్షల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. అక్కడి నుంచే భూతాపం మీద అనుమానాలు బయల్దేరాయి. ఫ్రెడ్ సింగర్ ఇంకొకాయన. పక్కవాడి సిగరెట్టు పొగ వల్ల హాని లేదని వాదించిన మనిషే, భూమి వేడెక్కడం గురించి భయం లేదని వాదించాడు. 1998లో అమెరికా పెట్రోలియం కంపెనీల సంఘం దగ్గర తయారైన ఒక ప్రణాళిక బయటపడింది. వాతావరణ శాస్త్రంలో తేలని సంగతులున్నాయని మామూలు జనం నమ్మిన రోజు మనం గెలిచినట్టు అని అందులో ఉంది. అదే ఏడాది వేలమంది శాస్త్రవేత్తల సంతకాలంటూ ఒక అర్జీ తిప్పారు. ఆ సంతకాల్లో పాటలు పాడే స్పైస్ గర్ల్స్ అమ్మాయి పేరు కూడా దూరింది.

ఇక నిజం ఏమిటి? 2004లో ఒరెస్కస్ 928 పరిశోధన పత్రాల సారాంశాలు చదివింది. మనుషుల వల్లే భూమి వేడెక్కుతోందన్న దాన్ని కాదన్న పత్రం ఒక్కటీ లేదు. సినిమా వచ్చిన తర్వాత ఇంకో సంగతి బయటపడింది. ఎక్సాన్ కంపెనీ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కలు కట్టారు. ఆ లెక్కల్లో ఎక్కువ భాగం సరిగ్గా జరిగినట్టే ఉన్నాయని 2023లో ఒక పరిశోధన చూపించింది. అంటే వాళ్ళకు అనుమానం లేదు. అనుమానం మనకు అమ్మడానికి మాత్రమే.

డబ్బు కోసమే చేశారా? చరిత్రకారులు ఇక్కడ ఒక మంచి మాట చెబుతారు. సైట్జ్ లాంటి వాళ్ళకు డబ్బు కన్నా పెద్ద జబ్బు ఉంది. సోవియట్ యూనియన్‌తో పోరులో బతికిన తరం అది. పొగను అదుపు చేయాలంటే ప్రభుత్వం కంపెనీల మీద పెత్తనం చేయాలి, అది సోషలిజానికి దారి అని వాళ్ళ భయం. పర్యావరణవాదుల్ని పుచ్చకాయలు అని వెక్కిరించేవాళ్ళు. పైన పచ్చ, లోపల ఎరుపు అని. నిజాన్ని ఒప్పుకుంటే ఏం చేయాల్సి వస్తుందోనన్న భయంతో నిజాన్నే కాదన్నారు. ఇప్పుడు చెప్పండి మిత్రులారా, ఇలాంటి మనుషుల్ని మనం చూడలేదా? "ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ?" అనే పెద్దమనిషికి కులం కనపడక కాదు. కనపడిందని ఒప్పుకుంటే భూమి గురించి, రిజర్వేషన్ గురించి, తన ఇంట్లో విడిగా పెట్టిన గ్లాసు గురించి మాట్లాడాలి. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగితే, అక్కడ కులం మాట రాకూడదని పట్టుబట్టింది మన భారత ప్రభుత్వమే.

సినిమాలో నాకు బాగా తగిలింది టీవీ చర్చల భాగం. ఒక పెట్టెలో శాస్త్రవేత్త, పక్క పెట్టెలో మార్క్ మొరానో లాంటి వాగుడుకాయ. ఇద్దరికీ సమానం సమయం. చూసేవాడికి యాభై యాభై అనిపిస్తుంది. మొరానో శాస్త్రవేత్త కాడు, ఆ సంగతి తనే హుషారుగా ఒప్పుకుంటాడు. శాస్త్రవేత్తల ఈమెయిల్ అడ్రసులు తన వెబ్‌సైట్లో పెట్టినందుకు ఏ బాధా లేకుండా నవ్వుతాడు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు తమకొచ్చిన బూతు ఉత్తరాలు, చంపుతామన్న బెదిరింపులు చదివి వినిపిస్తారు. మనవాళ్ళు ఏదైనా రాస్తే ఇన్‌బాక్సులో వచ్చేవి గుర్తొచ్చాయి. సమానం సమయం అంటే న్యాయం అని మనకు నేర్పారు. మన పల్లె మీద వంద మంది కర్రలతో పడితే మర్నాడు పేపర్లో ఏం వస్తుంది? ‘ఇరువర్గాల మధ్య ఘర్షణ’. దాడి ఘర్షణ అయిపోయింది. తగిలినవాడూ కొట్టినవాడూ చెరో పెట్టెలో కూర్చున్నారు.

ఇంత మెచ్చుకున్నాక లోటు కూడా చెప్పాలి. గంటన్నర సినిమాలో అబద్ధం చెప్పినవాళ్ళు బాగా కనిపిస్తారు, వాళ్ళను పట్టుకున్నవాళ్ళూ కనిపిస్తారు. ఆ అబద్ధం ఎవరి ఒంటి మీద పడిందో వాళ్ళు మాత్రం తెర మీద దాదాపు లేరు. పొగాకు ఏరిన ఆడవాళ్ళు లేరు. ఎండలో పని చేసేవాళ్ళు లేరు. ఆ ఖాళీని మనమే పూరించుకోవాలి.

ఆ సినిమా అమెరికా థియేటర్లలో విడుదలైంది 2015 మార్చిలో. రెండు నెలలకు, ఆ మే నెలలో, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎండలు మండిపోయాయి. ప్రభుత్వాల లెక్కల్లోనే రెండు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు పోయినవాళ్ళు పదిహేను వందలు దాటారు. ఎవరు వాళ్ళు? ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్ళు, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు. ఏసీ గదిలో వడదెబ్బ తగలదు. మా వైపు చెరువు పూడిక పనిలో ఒక పెద్దాయన మధ్యాహ్నం పలుగు పక్కన పెట్టి కూర్చుని లేవలేదు. పరిహారం కోసం కాగితాలు పట్టుకుని కొడుకు తిరిగాడు. "వయసు మళ్ళినోడు, బీపీ ఉండేది, మందు తాగేవాడంట, ఎండ వల్లే పోయాడని ఎలా చెబుతాం?" అన్నారు. గుండెపోటు అని రాశారు. మళ్ళీ అదే మాట. ఏ డాక్టరు రాసిచ్చాడు?

ఒక నిజం ఒప్పుకుందాం. ఫలానా మనిషి ఫలానా సిగరెట్టు వల్లే పోయాడని ఏ సైన్సూ వేలు పెట్టి చూపించలేదు. ఫలానా ఎండ పూర్తిగా ఫలానా కంపెనీ పొగ వల్లేనని కూడా చూపించలేదు. సైన్సు వేల మందిని, వందేళ్ళ లెక్కలను కలిపి చూసి చెబుతుంది. అనుమానపు వ్యాపారి ఆ సందులోంచే దూరతాడు. అందర్నీ కలిపి చూస్తే కనపడే నేరాన్ని ఒక్కొక్కర్ని విడదీసి మాయం చేస్తాడు.

చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది మనవాళ్ళను నరికి, గోతాల్లో కట్టి కాలవల్లో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, పదహారేళ్ళు కాచుకుని, 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేయించుకున్నాం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రుజువు చాలలేదంది. ఎనిమిది శవాల మీద అనుమానం లేదు. ఎవరు చంపారన్న దాని మీద మాత్రం అనుమానం. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అనే సూత్రం మంచిదే, జైళ్ళల్లో మగ్గుతున్న మన పిల్లలకే అది ఎక్కువ అవసరం. కానీ ఆ లాభం ఎవరి ఖాతాలో పడుతోందో లెక్క చూసుకోవాలి గదా.

చివరగా ఆ తమ్ముడి ప్రశ్న. కొందరు మిత్రులంటారు, ప్రశ్నించడమే గదా మన బాట, బుద్ధుడు దేన్నీ గుడ్డిగా నమ్మొద్దన్నాడు గదా, వాళ్ళూ ప్రశ్నిస్తున్నారు, తప్పేముంది అని. తేడా ఉంది. ప్రశ్న అడిగినవాడు జవాబు కోసం ఆగుతాడు. జవాబు వస్తే మారతాడు. ఈ సినిమాలోనే బాబ్ ఇంగ్లిస్ అని సౌత్ కరోలినా రిపబ్లికన్ ఎంపీ ఉన్నాడు. మొదట భూతాపాన్ని కొట్టిపారేసినవాడు. కొడుకు అడిగితే, అంటార్కిటికా పోయి శాస్త్రవేత్తల పని కళ్ళారా చూసి, మాట మార్చుకున్నాడు. 2010లో సొంత పార్టీ ఓటర్లే ఆయన్ని ఇంటికి పంపారు. ఆయన రాజకీయంతో నాకు పొత్తు లేదు, కానీ ఆయనది ప్రశ్న. మిగతావాళ్ళది సరుకు. జవాబు వచ్చినా అమ్మకం ఆగదు. బాబాసాహెబ్ మనకు ఇచ్చింది ప్రశ్న. దాని వేషం కట్టుకుని అంగట్లో తిరిగేదాన్ని చూసి మోసపోవద్దు.

నిన్న రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. "తమ్ముడూ, నిజమే. భూమి వేడెక్కుతోంది. నువ్వు మేటువి గదా. ఈ వేసవి పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టించు, పదకొండుకు ఆపించు. పని దగ్గర నీళ్ళు, నీడ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అడుగు. ఎవరైనా పడిపోతే టైము, ఎండ ఎంతుందో, పక్కన ఎవరున్నారో అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాసి, సాక్షుల సంతకాలు పెట్టించు" అన్నాను. "ఎందుకన్నా రాయడం?" అన్నాడు.

"రేపు ఎవడో ఒకడు వచ్చి, ఏ డాక్టరు రాసిచ్చాడు అని అడుగుతాడు తమ్ముడూ. మనం రాసింది మన దగ్గర ఉండాలి" అన్నాను.

(సశేషం)

జై భీమ్.